న్యూయార్క్‌లో రెంట్ స్టెబిలైజ్డ్ ఇల్లు: ముందు ఫ్లాట్ కాదు, బిల్డింగ్ వెతకండి

ఎల్మ్‌హర్స్ట్‌లో మేము తీసుకున్న మొదటి వన్ బెడ్‌రూమ్‌కి రెండేళ్లు అద్దె కట్టాక గానీ అది రెంట్ స్టెబిలైజ్డ్ ఇల్లని, అంటే అద్దె పెంపు మీద చట్టం అదుపున్న ఇల్లని మాకు తెలియలేదు. తెలిసింది కూడా ఏ ఆఫీసులోనో కాదు, కింద లాండ్రీ రూమ్‌లో. మూడో అంతస్తులో ఉండే బంగ్లాదేశీ పెద్దాయన బట్టలు మడత పెట్టుకుంటూ ఈసారి మీకెంత పెంచారని అడిగాడు. నెలకు 200 డాలర్లు అన్నాను. ఆయన చేతిలో దుప్పటి పక్కన పెట్టేశాడు. "నాకు 32. మీకు రెన్యూవల్ ఫారం రాలేదా?" అన్నాడు. ఏ ఫారమో కూడా నాకు తెలియదు. స్టేషనరీ షాపులో దొరికే మామూలు లీజు కాగితం మీద ఓనర్ అంకె మార్చి పంపిస్తే సంతకం పెట్టి ఇచ్చేశాం. హైదరాబాద్‌లో పదకొండు నెలల అగ్రిమెంట్ చేసుకుని, ఏడాది తిరిగేసరికి ఇంటాయన ఎంత చెబితే అంత అని తలాడించిన అలవాటు మరి.

తర్వాత తెలుసుకున్నవీ, తెలిసినవాళ్లకు ఇళ్లు వెతికిపెట్టినప్పుడు పనికొచ్చినవీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇదంతా న్యూయార్క్ నగరంలోని అయిదు బరోల (నగరపు పెద్ద విభాగాల) సంగతి. నది దాటి జెర్సీ సిటీలోనో ఎడిసన్‌లోనో ఉంటే అక్కడి నిబంధనలు వేరు, ఇందులో చాలా భాగం మీకు వర్తించదు.

ముందు రెండు అపోహలు

ఇది పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఇల్లు కాదు. మామూలు ప్రైవేటు ఓనర్ ఇల్లే. అద్దె ఏటా ఎంత పెంచవచ్చో మాత్రం రెంట్ గైడ్‌లైన్స్ బోర్డ్ అనే తొమ్మిది మంది సభ్యుల బోర్డు నిర్ణయిస్తుంది. నగరంలో ఇలాంటి ఫ్లాట్లు సుమారు పది లక్షలు ఉన్నాయి. లాటరీలో వచ్చే కొత్త ఇళ్ల సంగతి పక్కన పెడితే, వీటికి ఆదాయ పరిమితి లేదు, పౌరసత్వం అక్కర్లేదు. హెచ్‌1బీ మీద ఉన్నా, స్టూడెంట్ వీసా మీద ఉన్నా హక్కులు ఒకటే. రేపు జీతం రెట్టింపైనా ఇల్లు ఖాళీ చేయించలేరు. ఒకప్పుడు ఎక్కువ జీతం పేరుతో ఇంటిని నియంత్రణ నుంచి తప్పించే దారి ఉండేది. 2019 జూన్‌లో వచ్చిన చట్టం దాన్ని మూసేసింది.

రెండోది, స్టెబిలైజ్డ్ అంటే చవక అనుకోవడం. నలభై ఏళ్లుగా ఒకే కుటుంబం ఉంటున్న ఇల్లు చవగ్గా ఉండొచ్చు. లాంగ్ ఐలండ్ సిటీలో పన్ను మినహాయింపు తీసుకుని కట్టిన గాజు టవర్‌లో నాలుగు వేల డాలర్ల ఫ్లాట్ కూడా స్టెబిలైజ్డ్ అయి ఉండొచ్చు. మీరు చూసుకోవాల్సింది మొదటి నెల అద్దె ఒక్కటే కాదు. అయిదేళ్ల తర్వాత అది ఎక్కడుంటుందో, రెన్యూవల్ ఇవ్వను పొమ్మనే అధికారం ఓనర్‌కి ఉందో లేదో చూడాలి. స్టెబిలైజ్డ్ ఇంట్లో చట్టం చెప్పిన కొద్ది కారణాలకు తప్ప రెన్యూవల్ ఇవ్వక తప్పదు. నా దృష్టిలో అసలు విలువ దానిదే.

మొదటి అడుగు: బిల్డింగ్‌ని చూసి గుర్తుపట్టడం

స్టెబిలైజ్డ్ అన్న ముక్క ప్రకటనలో చాలాసార్లు కనబడదు. అలాంటి ఇల్లని ముందే చెప్పడం వల్ల ఓనర్‌కి ఒరిగేదేమీ లేదు. అందుకని ప్రకటన పట్టుకుని వెతికితే దొరకదు. ఈ లక్షణం ఇంటికి బిల్డింగ్ నుంచి వస్తుంది కాబట్టి బిల్డింగ్‌తోనే మొదలుపెట్టాలి.

లెక్క సులువే. ఆరు లేదా అంతకంటే ఎక్కువ ఫ్లాట్లు ఉండాలి, 1974 జనవరి 1కి ముందు కట్టి ఉండాలి. ఈ రెండూ ఉంటే అందులో స్టెబిలైజ్డ్ ఇళ్లు ఉండే అవకాశం ఎక్కువ. క్వీన్స్‌లో అయితే కళ్లతోనే పట్టేయొచ్చు: ఎర్ర ఇటుకల ఆరంతస్తుల భవనం, ముందు చిన్న తోటో మెట్లో, బయటి గోడకు ఇనుప ఫైర్ ఎస్కేప్, చలికాలం బుస్సుమనే ఆవిరి రేడియేటర్. మన ఊళ్లో డాబా ఇంటిని చూసి ఏ కాలం నాటిదో చెప్పగలిగినట్టే, నెల రోజులు తిరిగితే ఇక్కడా ఆ చూపు వచ్చేస్తుంది.

ఈ లెక్క తప్పే చోట్లు మూడున్నాయి.

మొదటిది కో-ఆప్, కాండో బిల్డింగులు, అంటే ఫ్లాట్లు విడివిడిగా సొంతదార్ల చేతిలో ఉండేవి. జాక్సన్ హైట్స్‌లో 74వ వీధి నుంచి నాలుగు బ్లాకులు నడిస్తే కనిపించే అందమైన పాత భవనాల్లో చాలావరకు కో-ఆప్‌లు. బయటికి అచ్చం అద్దె బిల్డింగుల్లాగే ఉంటాయి. అందులో ఎవరో తమ సొంత ఫ్లాట్‌ని మీకు అద్దెకిస్తే సాధారణంగా స్టెబిలైజేషన్ ఉండదు.

రెండోది 2019కి ముందే జారిపోయిన ఫ్లాట్లు. అప్పట్లో ఇల్లు ఖాళీ అయినప్పుడు చట్టబద్ధమైన అద్దె ఒక గీత దాటితే దాన్ని నియంత్రణ నుంచి తీసేయడానికి వీలుండేది. ఆ గీత చివర్లో నెలకు 2,774.76 డాలర్లు. అలా సక్రమంగా బయటికెళ్లిన ఫ్లాట్లు మళ్లీ లోపలికి రావు. అందువల్ల ఒకే బిల్డింగ్‌లో 3ఎఫ్ స్టెబిలైజ్డ్, పక్కనున్న 3జి కాదు అన్న పరిస్థితి మామూలే.

మూడోది దీనికి ఉల్టా: కొత్త బిల్డింగ్ అయినా స్టెబిలైజ్డ్ కావచ్చు. 421-ఎ అనే పన్ను మినహాయింపు తీసుకుని కట్టినవీ, జె-51 కింద మరమ్మతులకు మినహాయింపు పొందినవీ ఆ మినహాయింపు నడిచినంత కాలం నియంత్రణలో ఉంటాయి. జె-51 తీసుకుంటూనే ఫ్లాట్లను మార్కెట్ అద్దెకిచ్చిన స్టైవెసెంట్ టౌన్ అనే మన్‌హాటన్ ఇళ్ల సముదాయం ఓనర్ల కేసులో, అలా చేయడం కుదరదని రాష్ట్ర అత్యున్నత కోర్టు 2009లో తీర్పు చెప్పింది. 421-ఎ బిల్డింగ్‌లో చేరేటప్పుడు మాత్రం మినహాయింపు ఏ తేదీతో ముగుస్తుందో లీజులో చూసుకోండి. ముగిశాక ఆ ఇల్లు నియంత్రణ నుంచి బయటపడే అవకాశం ఉంటుంది. ఆ సంగతి మీకు ముందే రాతలో చెప్పి ఉండాలి.

రెండో అడుగు: ఏరియా, జిప్ కోడ్

నగరం మొత్తం వెతుకుతానంటే అయ్యే పని కాదు. రెండు మూడు జిప్ కోడ్లు ఎంచుకోండి. స్టెబిలైజ్డ్ ఇళ్లు బ్రాంక్స్‌లోనూ, మన్‌హాటన్ ఉత్తరాన వాషింగ్టన్ హైట్స్, ఇన్‌వుడ్‌లోనూ, బ్రూక్లిన్‌లో ఫ్లాట్‌బుష్ చుట్టూ బాగా ఉంటాయి. మనవాళ్లు ఎక్కువగా అడిగేది క్వీన్స్ కాబట్టి నాకు తెలిసినంతలో: ఎల్మ్‌హర్స్ట్ 11373, సన్నీసైడ్ 11104, వుడ్‌సైడ్ 11377, రీగో పార్క్ 11374, ఫారెస్ట్ హిల్స్ 11375. బౌన్ స్ట్రీట్ మీది గణేశ్ గుడికి నడిచి వెళ్లేంత దూరంలో కావాలంటే ఫ్లషింగ్ 11355.

నన్నడిగితే సన్నీసైడ్‌కి ఓటేస్తాను. 7 ట్రైన్‌లో మన్‌హాటన్ దగ్గర, క్వీన్స్ బులవార్డ్ పక్క వీధుల్లో సరిగ్గా మనం వెతికే కాలం నాటి ఆరంతస్తుల బిల్డింగులు వరసగా ఉంటాయి. లోపమల్లా సరుకులకి జాక్సన్ హైట్స్ దాకా వెళ్లాలి. కరివేపాకు కోసం నాలుగైదు స్టేషన్లు.

మూడో అడుగు: కూర్చుని చేసే పని

ఇక్కడ ఒక ఆదివారం పెట్టండి. తర్వాత నెల రోజుల తిరుగుడు తగ్గుతుంది.

రెంట్ గైడ్‌లైన్స్ బోర్డ్ వెబ్‌సైట్‌లో స్టెబిలైజ్డ్ ఫ్లాట్లున్న బిల్డింగుల జాబితా బరో వారీగా ఉంటుంది. ఓనర్లు రాష్ట్ర హౌసింగ్ శాఖకి ఇచ్చిన రిజిస్ట్రేషన్ల ఆధారంగా తయారైన జాబితా అది. ఆ శాఖనే అందరూ డీహెచ్‌సీఆర్ అంటారు. జాబితా జిప్ కోడ్ వరసలో ఉంటుంది కాబట్టి మీరు ఎంచుకున్న కోడ్ దగ్గరికి వెళ్లి వీధుల పేర్లు చూసుకోవచ్చు. రెండు సంగతులు మాత్రం మనసులో పెట్టుకోండి. జాబితాలో ఉంటే బిల్డింగ్‌లో కనీసం కొన్ని స్టెబిలైజ్డ్ ఫ్లాట్లున్నట్టే గానీ అవి ఏ నంబర్లో అందులో ఉండదు. జాబితాలో లేదంటే కచ్చితంగా స్టెబిలైజ్డ్ కాదనీ కాదు, ఓనర్ ఆ ఏడాది రిజిస్టర్ చేయకుండా ఎగ్గొట్టి ఉండొచ్చు.

తర్వాత నగర ప్లానింగ్ శాఖ వాళ్ల జోలా మ్యాప్ తెరవండి. చిరునామా కొడితే బిల్డింగ్ ఏ సంవత్సరం కట్టారో, ఎన్ని నివాసాలున్నాయో చూపిస్తుంది. పాత బిల్డింగులకు ఇచ్చిన సంవత్సరం ఒక్కోసారి ఉజ్జాయింపుగా ఉంటుంది. మనకు కావలసింది 1974కి ముందా వెనకా అన్నదే కాబట్టి ఇబ్బంది లేదు.

మూడోది చాలామందికి తెలియని చోటు: బిల్డింగ్ ఆస్తిపన్ను బిల్లు. నగర ఫైనాన్స్ శాఖ సైట్‌లో ఎవరైనా ఎవరి బిల్డింగ్ బిల్లైనా చూడొచ్చు. స్టెబిలైజ్డ్ ఫ్లాట్లకు ఓనర్ తలా ఇంత అని ఫీజు కట్టాలి, అది బిల్లులో ఎన్ని ఫ్లాట్లకో అన్న లెక్కతో సహా పడుతుంది. అరవై ఫ్లాట్ల బిల్డింగ్‌లో యాభై రెండుకు ఫీజు కట్టారంటే మీకు దొరికే ఫ్లాట్ స్టెబిలైజ్డ్ అయ్యే అవకాశం ఎక్కువ. అరవైలో ఆరే అయితే ఆ బిల్డింగ్ మీద టైమ్ పెట్టకండి. బిల్లుల్లో తడుముకునే ఓపిక లేకపోతే జస్ట్‌ఫిక్స్ అనే సంస్థ నడిపే 'హూ ఓన్స్ వాట్' సైట్‌లో చిరునామా కొట్టండి. ఈ లెక్కలు ఏళ్ల వారీగా చూపిస్తుంది, అదే ఓనర్‌కి ఇంకా ఎన్ని బిల్డింగులున్నాయో కూడా చెబుతుంది. స్టెబిలైజ్డ్ ఫ్లాట్ల సంఖ్య ఏటా టపటపా పడిపోతున్న బిల్డింగ్ కనిపిస్తే అనుమానంగా చూడండి. అక్కడ జనాన్ని ఎలా పంపిస్తున్నారో మరి.

ఆఖరుగా నగర హౌసింగ్ శాఖ హెచ్‌పీడీ సైట్‌లో అదే బిల్డింగ్ మీద ఉల్లంఘనలు చూడండి. వాటిలో సి తరగతి అంటే వెంటనే సరిచేయాల్సిన ప్రమాదం: వేడి రాకపోవడం, ఎలుకలు, పిల్లలున్న ఇంట్లో సీసం పెయింట్ లాంటివి. పాత బిల్డింగ్ కాబట్టి ఒకటో రెండో ఉంటాయి. పదుల కొద్దీ సరిచేయకుండానే ఉన్నాయంటే అద్దె ఎంత తక్కువైనా నేను వెళ్లను.

ఈ పని పూర్తయ్యేసరికి మీ చేతిలో ఇరవై ముప్ఫై చిరునామాలు ఉండాలి.

నాలుగో అడుగు: తిరగడం, అడగడం

ఇప్పుడు ప్రకటనల సంగతి. ఇళ్ల ప్రకటనల సైట్ స్ట్రీట్‌ఈజీలో కీలక పదంగా రెంట్ స్టెబిలైజ్డ్ అని కొడితే కొన్ని వస్తాయి, పోటీ విపరీతం. దానికంటే మీ చిరునామాల జాబితా పక్కన పెట్టుకుని, ఆ జిప్ కోడ్‌లో వచ్చే ప్రకటనలన్నీ దాంతో పోల్చి చూడండి. ప్రకటనలో స్టెబిలైజ్డ్ అని లేకపోయినా చిరునామా మీ జాబితాలో ఉంటే ముందు చూడాల్సిన ఇల్లు అదే. మిగతావాళ్లు దాన్ని మామూలు ఇల్లనుకుని దాటిపోతారు.

నడవడం కూడా పనికొస్తుంది. ఇక్కడ టులెట్ బోర్డులు తక్కువ. తలుపు పక్కన మేనేజ్‌మెంట్ కంపెనీ పేరు, ఫోన్ నంబర్ ఉన్న రేకు మాత్రం ఉంటుంది. ఫోటో తీసుకుని ఫోన్ చేయండి. ఒక కంపెనీ చేతిలో అదే ఏరియాలో పది బిల్డింగులుంటాయి, ఖాళీ అవబోయేవి ప్రకటనకి రాకముందే వాళ్లకు తెలుసు. చెత్త డబ్బాలు సర్దే టైమ్‌కి వెళ్తే సూపర్ కనిపిస్తాడు. సూపర్ అంటే బిల్డింగ్ చూసుకునే మనిషి, మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కంటే ఎక్కువ అధికారం ఉన్నవాడు. మర్యాదగా పలకరించి నంబర్ ఇచ్చి రండి. ఇల్లు చూపించినందుకు చేతిలో వెయ్యి డాలర్లు పెట్టమంటే మాత్రం అది లంచం. ఇల్లిప్పించడానికి తీసుకునే కీ మనీ ఇక్కడ నేరం.

మన వాట్సాప్ గ్రూపుల్లో లీజ్ టేకోవర్ అని పోస్టులు వస్తుంటాయి. జాగ్రత్త. ఖాళీ చేసే మనిషి తన స్టెబిలైజ్డ్ లీజుని ఓనర్ రాతపూర్వక ఒప్పుకోలు లేకుండా మీకు బదిలీ చేయలేడు. అతనికి డబ్బులిచ్చి తాళాలు తీసుకుంటే చట్టం కళ్లకు మీరు ఎవరూ కాదు. ఆ పోస్టుని సమాచారంగా మాత్రమే వాడుకోండి: ఫలానా బిల్డింగ్‌లో ఫలానా నెల ఫ్లాట్ ఖాళీ అవుతోంది, మేనేజ్‌మెంట్ నంబర్ ఇది. అంతవరకు చెబితే ఆ మనిషికి కాఫీ ఇప్పించొచ్చు.

బ్రోకర్ ఫీజు గురించి పాత కథలు విని భయపడకండి. ఏడాది అద్దెలో పన్నెండు పదిహేను శాతం అద్దెకొచ్చేవాడే కట్టే రోజులుండేవి. 2025 జూన్ 11 నుంచి ఫేర్ యాక్ట్ అమల్లోకి వచ్చింది. బ్రోకర్‌ని ఎవరు పెట్టుకున్నారో వాళ్లే కట్టాలి. ఓనర్ తరఫున ప్రకటన ఇచ్చిన బ్రోకర్ మిమ్మల్ని ఫీజు అడగకూడదు.

వేసవి కంటే చలికాలంలో పోటీ తక్కువ. మంచులో ఇల్లు మారడం నరకమే, కానీ డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఒక్కో ఇంటికి క్యూలో నలుగురే ఉంటారు.

అయిదో అడుగు: కాగితాలు సిద్ధంగా ఉంచుకోవడం

మంచి ఇల్లు ఒక్క రోజులో పోతుంది. ఫోన్‌లో ఒక ఫోల్డర్ ఉండాలి: పాస్‌పోర్టు, వీసా, ఆఫర్ లెటర్, చివరి రెండు మూడు పే స్టబ్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఉంటే ట్యాక్స్ రిటర్న్, క్రెడిట్ రిపోర్ట్ (అప్పులు ఎలా తీర్చారో చెప్పే రికార్డు). ఓనర్లు ఎక్కువగా చూసే లెక్క నెల అద్దెకు నలభై రెట్ల ఏడాది జీతం. 2,000 డాలర్ల ఇంటికి 80,000. అంత లేకపోతే గ్యారంటర్, ఆయనకు ఎనభై రెట్లు, అంటే 1,60,000. ఇక్కడ అంత జీతమున్న బాబాయి లేని విద్యార్థుల కోసం ఫీజు తీసుకుని గ్యారంటీ ఇచ్చే కంపెనీలున్నాయి. ఫలానా కంపెనీ గ్యారంటీ ఆ ఓనర్‌కి చెల్లుతుందా అని ముందే అడగండి.

మన పిల్లలు తరచూ చేసే పొరపాటు ఇక్కడే. క్రెడిట్ లేదు కాబట్టి ఆరు నెలల అద్దె ముందే కడతామంటారు. మన ఊరి అడ్వాన్స్ అలవాటు. న్యూయార్క్‌లో సెక్యూరిటీ డిపాజిట్ గానీ అడ్వాన్స్ గానీ ఒక నెల అద్దెకు మించి తీసుకోకూడదు. అంతకు మించి అడిగే ఓనర్‌తో మిగతా వ్యవహారం ఎలా ఉంటుందో ఊహించుకోండి. దరఖాస్తు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ పేరుతో తీసుకునే ఫీజు కూడా 20 డాలర్లు దాటకూడదు. మీ దగ్గర ఇటీవలి రిపోర్ట్ ఉండి ఇస్తే ఆ 20 కూడా అడగకూడదు.

ఇల్లు చూడకుండా ఎవరికీ జెల్‌లో (ఫోన్ నుంచి డబ్బు పంపే సేవ) డబ్బు పంపొద్దు. ఇండియా నుంచి బయల్దేరే ముందే ఇల్లు కుదుర్చుకోవాలన్న టెన్షన్‌లో మోసపోయినవాళ్లు ఎందరో. మొదటి నెల ఎవరి గదిలోనైనా సర్దుకోండి.

ఆరో అడుగు: లీజు రోజు

సంతకానికి ముందు ఒక్క ప్రశ్న, మెయిల్‌లో అడగండి: ఈ ఫ్లాట్ రెంట్ స్టెబిలైజ్డ్ అవునా కాదా? ఫోన్‌లో కాదు, మెయిల్‌లోనే. అవునంటే లీజుకి తప్పనిసరిగా రైడర్ అనే అనుబంధం జత చేయాలి. అందులో ముందు ఉన్నవాళ్లు కట్టిన చట్టబద్ధమైన అద్దె, దాని మీద ఎంత, ఏ కారణంతో పెంచారో అంకెలతో రాసి ఉండాలి. ఇల్లు ఖాళీ అయిన ప్రతిసారీ ఇరవై శాతం దాకా పెంచుకునే పాత వెసులుబాటు 2019తో పోయింది. ఇప్పుడు కొత్త మనిషికి కూడా బోర్డు చెప్పిన శాతం, దానికి తోడు చట్టం పరిమితి పెట్టిన ఇంటి మరమ్మతుల ఖర్చు, అంతే. కొత్త కిచెన్ పేరుతో అద్దె పెంచామంటే ఆ కిచెన్ నిజంగా కొత్తదో కాదో ఫోటోలు తీసి పెట్టుకోండి.

కొన్ని లీజుల్లో రెండు అంకెలుంటాయి: లీగల్ రెంట్ 2,600, ప్రిఫరెన్షియల్ రెంట్ 2,150 అని. ఓనర్ తనకు హక్కున్న దానికంటే తక్కువ తీసుకుంటున్నాడన్నమాట. ఒకప్పుడు రెన్యూవల్‌లో ఒక్కసారిగా 2,600కి ఎగబాకేవాళ్లు. ఇప్పుడు మీరు ఆ ఇంట్లో ఉన్నంతకాలం పెంపు 2,150 మీదే.

కాదంటే, ఎందుకు కాదో అడగండి. పాత పెద్ద బిల్డింగ్ అయ్యుండి జవాబు తడబడితే అనుమానం మనసులో ఉంచుకునే సంతకం పెట్టొచ్చు. స్టెబిలైజేషన్ హక్కు వదులుకుంటున్నానని మీరు రాసిచ్చినా అది చెల్లదు.

లాటరీ దారి, రెండు ముక్కల్లో

హౌసింగ్ కనెక్ట్ అనే నగర పోర్టల్‌లో కొత్త బిల్డింగుల ఇళ్లను లాటరీ వేస్తారు. ఇవి స్టెబిలైజ్డ్‌గా వస్తాయి, కానీ ఆదాయానికి కింద పైన గీతలుంటాయి. మనది మంచి జీతం, మనకెందుకొస్తుంది అని వదిలేయకండి. ప్రాంతపు మధ్యస్థ ఆదాయానికి 130 శాతం దాకా అనుమతించే లాటరీలు చాలా వస్తుంటాయి. దరఖాస్తు ఉచితం. వేసి మరచిపోండి, ఇల్లు మాత్రం వెతుకుతూనే ఉండండి. పిలుపు రావడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

ఏడో అడుగు: తాళం చేతికొచ్చిన మర్నాడు

పాలు పొంగించాక చేయాల్సిన మొదటి పని డీహెచ్‌సీఆర్‌కి రెంట్ హిస్టరీ అడగడం. ఉచితం. ఆ ఇంట్లో ఉంటున్నవాళ్లకే ఇస్తారు కాబట్టి చేరకముందు మీ పేరున దొరకదు. ఆన్‌లైన్‌లో అడగొచ్చు, జమైకాలో యూనియన్ హాల్ స్ట్రీట్ మీద వాళ్ల ఆఫీసూ ఉంది. కవర్ మీ ఇంటికే పోస్టులో వస్తుంది.

మాకు వచ్చిన కాగితం చూసి మొదట ఏమీ అర్థం కాలేదు. ఏడాదికో వరస ఉంటుంది. ఆ ఏడాది ఇంటి స్థితి, లీజు తేదీలు, చట్టబద్ధమైన అద్దె, నిజంగా తీసుకున్న అద్దె. పైనుంచి కిందికి అద్దె వరస మాత్రమే చదవండి. 1,090, 1,120, 1,150 అని మెట్లెక్కినట్టు సాగాలి. 1,150 తర్వాతి ఏడాది ఉన్నట్టుండి 1,980 అయితే అక్కడ వేలు పెట్టండి. 2019కి ముందు ఖాళీ అయినప్పుడు ఇరవై శాతం చుట్టుపక్కల గంతు మామూలే. డెబ్బై శాతం గంతుకు మాత్రం పెద్ద మరమ్మతుల బిల్లులు చూపించాలి. కొన్నేళ్లు రిజిస్ట్రేషనే లేదని ఉన్నా, మధ్యలో హఠాత్తుగా ఎగ్జెంప్ట్ (నియంత్రణ వర్తించదు) అని వచ్చినా అదీ ప్రశ్నే. ఎందుకు ఎగ్జెంప్ట్ అయిందో కారణం పక్కనే ఉంటుంది. ఆ కారణం ముందటి ఏడాది అద్దెతో పొసగుతుందో లేదో మీరే చూసుకోవచ్చు.

మా కాగితంలో మోసం వెతకాల్సిన పనే లేకపోయింది. ప్రతి ఏడూ స్టెబిలైజ్డ్ అనే రిజిస్టర్ చేశారు, మాకు మాత్రం చెప్పలేదు. హిస్టరీ కాపీ జతచేసి ఓనర్‌కి సర్టిఫైడ్ మెయిల్‌లో ఉత్తరం రాశాం. ఎక్కువ తీసుకున్నది తర్వాతి నెలల అద్దెలో తగ్గించుకోమన్నారు. గొడవేమీ జరగలేదు.

అందరికీ ఇలా తేలిగ్గా తెగదు. ఓనర్ వినకపోతే ఆర్ఏ-89 అనే ఫారంతో డీహెచ్‌సీఆర్‌కే ఫిర్యాదు చేయొచ్చు. కావాలని ఎక్కువ వసూలు చేశాడని తేలితే మూడు రెట్లు కట్టించే వీలుంది. ఫిర్యాదు వేసే ముందు ఎవరైనా తెలిసినవాళ్లకి చూపించండి. మెట్ కౌన్సిల్ ఆన్ హౌసింగ్ వాళ్లకి అద్దెదారుల హాట్‌లైన్ ఉంది. జాక్సన్ హైట్స్‌లో ఛాయా అనే సంస్థ దక్షిణాసియావాళ్ల ఇళ్ల సమస్యల మీద పనిచేస్తుంది.

రూమ్మేట్లు, ఇండియా ట్రిప్పులు

స్టెబిలైజ్డ్ ఇల్లు దొరికింది కదా అని మనలో కొందరు చేసే వ్యాపారం ఒకటుంది. 2,100 ఇంట్లో ఇద్దరిని చేర్చుకుని చెరో 900 వసూలు చేసి, తను 300తో గడిపేయడం. ఇది చట్టవిరుద్ధం. స్టెబిలైజ్డ్ ఇంట్లో రూమ్మేట్ దగ్గర వంతుకు మించి తీసుకోకూడదు, ముగ్గురుంటే తలా 700. ఎక్కువ కడుతున్న రూమ్మేట్ ఫిర్యాదు చేయొచ్చు, లీజు ఉన్నవాడు ఇల్లే పోగొట్టుకోవచ్చు. మీరు కొత్తగా వచ్చి ఎవరి ఇంట్లోనో గది తీసుకుంటుంటే అసలు అద్దె ఎంతో అడగడంలో మొహమాటం వద్దు.

అలాగే ఇది మీరు నిజంగా నివసించే ఇల్లు అయి ఉండాలి. అమ్మానాన్నల కోసం ఎనిమిది నెలలు విజయవాడలో ఉండిపోయి, ఇక్కడ ఇల్లు తాళం వేసి ఉంచితే ఓనర్ ప్రశ్నించవచ్చు. అతను మొదట చూసేది ఏడాదిలో 183 రోజులు ఇక్కడున్నారా అన్నదే. ట్యాక్స్ రిటర్న్, డ్రైవింగ్ లైసెన్స్, బ్యాంకు ఖాతా అన్నీ ఈ చిరునామాతోనే ఉంచుకోండి. తప్పనిసరై వెళ్లాల్సి వస్తే ఓనర్‌కి సర్టిఫైడ్ మెయిల్‌లో రాసి అనుమతితో సబ్‌లెట్ ఇవ్వొచ్చు, అంటే కొంతకాలం ఇంకొకరికి అద్దెకివ్వొచ్చు. నాలుగేళ్లలో రెండేళ్లకు మించి కుదరదు.

ఏ బిల్డింగూ కుదరక మామూలు ఇల్లే తీసుకోవాల్సి వచ్చిందా? 2024లో వచ్చిన గుడ్ కాజ్ ఎవిక్షన్ చట్టం వర్తిస్తుందో చూసుకోండి. చిన్న ఓనర్లకీ, 2009 తర్వాతి బిల్డింగులకీ మినహాయింపులున్నాయి. వర్తించే చోట అద్దె పది శాతం, లేదా ధరల పెరుగుదలకు అయిదు శాతం కలిపినది, వీటిలో ఏది తక్కువైతే దానికి మించి పెంచితే కోర్టులో అడ్డుకోవచ్చు. స్టెబిలైజేషన్‌తో పోల్చుకోలేం గానీ ఏమీ లేని దానికంటే నయం.

రెన్యూవల్ ఫారం

లాండ్రీ రూమ్‌లో పెద్దాయన అడిగిన ఫారం పేరు ఆర్‌టీపీ-8. లీజు ముగియడానికి 150 నుంచి 90 రోజుల ముందు ఓనర్ దాన్ని పంపాలి. ఏడాదికా రెండేళ్లకా అన్నది ఎంచుకునే హక్కు మీది, జవాబుకి 60 రోజుల టైమ్.

ఏది ఎంచుకోవాలన్నది చిన్న లెక్క. 2025 అక్టోబర్ నుంచి 2026 సెప్టెంబర్ మధ్య మొదలయ్యే లీజులకు బోర్డు పెట్టిన పెంపు ఏడాదికి 3 శాతం, రెండేళ్లకు 4.5. ఇప్పుడు 1,900 కడుతున్నారనుకుందాం. రెండేళ్లది తీసుకుంటే నెలకు 1,985.50, ఇరవై నాలుగు నెలలకు 47,652. ఏడాదిది తీసుకుంటే మొదటి ఏడు నెలకు 1,957. రెండో ఏడు పెంపు సుమారు 2.9 శాతం అయితే రెండు దారులూ సమానం. అంతకంటే ఎక్కువ పెంచుతారనుకుంటే రెండేళ్లు, తక్కువనుకుంటే ఏడాది. పెంపు సున్నా అయితే ఏడాది లీజుల దారిలో 684 డాలర్లు మిగులుతాయి. సున్నా అన్నది ఊహ కాదు, 2015, 2016, 2020లలో ఏడాది లీజుకి బోర్డు సున్నానే పెట్టింది. 2025 నవంబర్‌లో మేయర్‌గా గెలిచిన జోహ్రాన్ మమ్దానీ ఎన్నికల్లో గట్టిగా చెప్పింది ఈ అద్దెల పెంపు ఆపుతాననే. బోర్డు సభ్యుల్ని వేసేది మేయరే అయినా ఓటు వేసేది సభ్యులు, ఏటా జూన్‌లో. కాబట్టి మీ లీజు తేదీ అక్టోబర్ 1కి అటా ఇటా అన్నది కూడా చూసుకోండి.

గడి టిక్ పెట్టి, సంతకం చేసి, ముందు ఫోటో తీసుకుని, సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి. ఇద్దరి సంతకాలున్న కాపీ 30 రోజుల్లో మీకు తిరిగి రావాలి. మా పెద్దాయన దగ్గర అలాంటి కాపీలు పాత బిస్కెట్ డబ్బాలో ఏళ్ల వరసలో ఉన్నాయి. మాది ఇప్పుడు షూ డబ్బా.